తలనొప్పికో లెక్క, ముడతలకో లెక్క ఉండవు

బొటాక్స్ అనగానే మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది సినిమావాళ్ళ మొహాలే. నేను మాత్రం ఆ ఇంజెక్షన్ తీసుకునేది న్యూరాలజీ ఓపీలో. అక్కడ పక్షవాతం వచ్చాక చెయ్యి బిగుసుకుపోయి పిడికిలి విప్పుకోలేని పెద్దాయనలు ఉంటారు, మెడ ఒకపక్కకి తిరిగిపోతుంటే గడ్డం మీద వేలు ఆనించుకుని తలని నిలబెట్టుకునే అమ్మాయిలు ఉంటారు, ఒక కన్ను ఆగకుండా కొట్టుకుంటుంటే చున్నీ చాటు చేసుకుని కూర్చునేవాళ్ళు ఉంటారు, నాలాంటి మైగ్రేన్ వాళ్ళు సరేసరి. మా అందరికీ ఎక్కించేది ఆ మందే, జూబ్లీహిల్స్‌లో స్కిన్ క్లినిక్‌లో నుదుటి ముడతలకి ఎక్కించేదీ అదే మందు.

ఈ మధ్య మూడో రకం వాళ్ళు ఎక్కువవుతున్నారు, జబ్బుకోసం ఒకచోట, అందంకోసం ఇంకోచోట, రెండూ చేయించుకునేవాళ్ళు. నేనూ అందులో ఉన్నాను, మా అక్క ఉంది, ఓపీలో పరిచయమైన వాళ్ళలో ఇంకొందరున్నారు. రెండూ చేయించుకోవచ్చా అంటే చాలామందికి చేయించుకోవచ్చు, దాని మీద నాకు ఏ అనుమానమూ లేదు. నా బాధల్లా ఒకటే, ఒక డాక్టర్ దగ్గర ఇంకో డాక్టర్ సంగతి దాచిపెట్టడం. ఈ రెండిటినీ కలపడంలో వచ్చే చిక్కుల్లో సగానికి పైగా ఆ దాపరికంలోంచి పుట్టినవే అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఎందుకు దాస్తారు అంటే, సిగ్గు. న్యూరాలజిస్ట్ ముందు కూర్చుని, డాక్టర్ గారూ నాకు కనుబొమ్మల మధ్య గీతలు కూడా తీయించుకోవాలనుంది అని చెప్పాలంటే మనకి నోరు రాదు, వయసు మీద పడుతుంటే ఈ సోకులేంటి అంటారేమో అని. పక్కన మొగుడో కొడుకో కూర్చుని ఉంటే ఇంక అసలు రాదు. కొందరు డాక్టర్లు కూడా అలాగే ఉంటారు, తలనొప్పి అంటున్నారు మళ్ళీ బ్యూటీ ట్రీట్‌మెంట్లు ఎందుకమ్మా అని ఒక మాట అనేస్తారు, ఇంక ఆ పేషెంటు జన్మలో ఆ ఊసు ఎత్తదు, చేయించుకోవడం మాత్రం మానదు. స్కిన్ క్లినిక్ దగ్గర దాపరికం ఇంకో రకం. పెళ్ళి కావాల్సిన అమ్మాయి తనకి నరాల జబ్బుందని ఎక్కడా చెప్పుకోదు, ఆ ఫారంలో ఇతర జబ్బులు ఏమన్నా ఉన్నాయా అన్న గడి దగ్గర లేవు అని టిక్కు పెట్టేస్తుంది. జబ్బు చెబితే మేము చెయ్యము అంటారేమో అన్న భయం కొందరిది. ఇలా ఒక మనిషికి రెండు ఫైళ్ళు తయారవుతాయి, ఆ రెండు ఫైళ్ళు ఎప్పుడూ ఒకదాని మొహం ఒకటి చూసుకోవు.

నిజానికి ఈ మందు చరిత్ర చూస్తే సిగ్గుపడాల్సిన పనే లేదు, అందం కోసం వాడకం పుట్టిందే వైద్యంలోంచి. శాన్‌ఫ్రాన్సిస్కోలో అలన్ స్కాట్ అనే కంటి డాక్టర్ మెల్లకన్ను సరిచేయడానికి దీన్ని మొదట వాడాడు, 1989లో అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది కూడా మెల్లకన్నుకి, కనురెప్పలు బిగుసుకుపోయే జబ్బుకే. కెనడాలో వాంకూవర్‌లో జీన్ కరూథర్స్ అనే ఇంకో కంటి డాక్టరమ్మ, 1987 ప్రాంతంలో, ఆ రెప్పల జబ్బుకే ఇంజెక్షన్లు ఇస్తుంటే ఒక పేషెంటుకి కనుబొమ్మల మధ్య గీతలు పోయి మొహం తేటగా అయిందట, ఆ సంగతి చర్మం డాక్టరైన భర్త అలస్టెయిర్‌కి చెప్పింది, ఇద్దరూ కలిసి దాని మీద పనిచేసి 1992లో పేపర్ వేశారు. ముడతలకి ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది 2002లో, క్రానిక్ మైగ్రేన్‌కి 2010లో. అంటే మొదటి నుంచీ ఒక పేషెంటు మొహం మీదే వైద్యం, అందం రెండూ జరిగాయి, వాటిని వేరే వేరే బిల్డింగుల్లో పెట్టింది తర్వాత మనమే.

పనిచేసే విధానం కూడా ఒకటే. బొటాక్స్ అంటే బొటులినమ్ అనే విషమే, చాలా తక్కువ మోతాదులో మందుగా వాడతారు. నరం చివర నుంచి కండరానికి బిగుసుకో అని చెప్పే రసాయనం ఒకటుంది, అసిటైల్‌కోలిన్, అది బయటికి రావడానికి స్నాప్-25 అనే ప్రోటీన్ కావాలి, ఈ మందు ఆ ప్రోటీన్‌ని తెంపేస్తుంది. దాంతో కండరానికి ఆర్డర్ అందదు. కొన్ని రోజుల్లో మొదలై రెండు వారాలకల్లా బాగా పట్టుకుంటుంది, మూడు నాలుగు నెలల్లో నరం మళ్ళీ కోలుకుంటుంది. మైగ్రేన్‌లో ఇది నొప్పిని మోసే నరాల చివర్ల మీద కూడా పనిచేస్తుందని చెప్తారు. అంతేగానీ ఈ డోసు జబ్బు కోటాలోది, ఆ డోసు అందం కోటాలోది అని కండరం విడదీసి చూసుకోదు కదా.

ఇప్పుడు నా మైగ్రేన్ లెక్క చెప్తాను, అసలు విషయం ఇక్కడే ఉంది. క్రానిక్ మైగ్రేన్ అంటే నెలలో 15 రోజులు, అంతకన్నా ఎక్కువ తలనొప్పి ఉండాలి, అందులో కనీసం 8 రోజులు మైగ్రేన్ లక్షణాలతో ఉండాలి, అది మూడు నెలలకి మించి సాగాలి. అలాంటివాళ్ళకి ఒక పద్ధతి ప్రకారం 31 చోట్ల మొత్తం 155 యూనిట్లు వేస్తారు, 12 వారాలకి ఒకసారి. కనుబొమ్మల మధ్య రెండు పక్కలా 10, ముక్కు పైన మధ్యలో 5, నుదురు 20, కణతల దగ్గర 40, తల వెనక 30, మెడ వెనక 20, భుజాల పైన 30. కూడితే 155 వస్తుంది. నొప్పి ఎక్కువున్న చోట ఇంకో 40 దాకా పెంచుకునే వీలు డాక్టర్‌కి ఉంటుంది.

అంటే నుదురు, కనుబొమ్మల భాగంలో 35 యూనిట్లు జబ్బుకోసమే పడిపోయాయి. ఇప్పుడు అందంకోసం మామూలుగా వేసే డోసు చూడండి, కనుబొమ్మల మధ్య 20, నుదుటికి 20, కలిపి 40. ఒక పేషెంటు మైగ్రేన్ ఇంజెక్షన్లు చేయించుకున్న మూడు వారాలకి ఏమీ చెప్పకుండా స్కిన్ క్లినిక్‌కి వెళ్ళి నుదురు చేయించుకుందనుకోండి, ఆ నాలుగు వేళ్ళ జాగాలోకి 75 యూనిట్లు వెళ్ళినట్టు. వేసినావిడ తప్పు చెయ్యలేదు, తన లెక్క ప్రకారం కరెక్టుగానే వేసింది. న్యూరాలజిస్టూ కరెక్టుగానే వేశాడు. మొహం మాత్రం దిగిపోతుంది.

ఎందుకు దిగుతుందంటే కనుబొమ్మని పైకి లేపే కండరం నుదుటి మీద ఉండే ఆ ఒక్కటే, మిగతావన్నీ కిందకి లాగేవే. నలభై అయిదు యాభై దాటాక పైరెప్ప చర్మం కొంచెం వదులై కంటి మీదకి జారుతుంది, మనకి తెలీకుండానే రోజంతా నుదుటి కండరంతో కనుబొమ్మలు పైకెత్తి చూస్తుంటాం, నుదుటి మీద అడ్డగీతలు పడేది చాలావరకు అందుకే. ఆ గీతలు పోవాలని ఆ కండరాన్ని పూర్తిగా పడుకోబెట్టేస్తే కనుబొమ్మ కంటి మీదకి వచ్చి కూర్చుంటుంది, సాయంత్రానికి కళ్ళు బరువెక్కుతాయి, చదువుతుంటే తల వెనక్కి వాల్చాల్సి వస్తుంది, మెడ పట్టేస్తుంది, మైగ్రేన్ మనిషికి మెడ పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఇంకోటి, మందు లోపలికి పాకి రెప్పని లేపే కండరానికి తగిలితే రెప్పే వాలిపోతుంది. రెప్ప వాలితే అప్రాక్లోనిడిన్ అనే కంటిచుక్కలతో ఒకటి రెండు మిల్లీమీటర్లు లేస్తుంది, కనుబొమ్మ దిగితే ఆ చుక్కలు కూడా పనికిరావు, మందు బలం తగ్గేదాకా వారాల తరబడి ఓపిక పట్టాల్సిందే.

చాలామంది ఇక్కడ 400 అనే అంకె చెప్తారు. పెద్దవాళ్ళకి అన్ని జబ్బులకీ కలిపి మూడు నెలల్లో బొటాక్స్ 400 యూనిట్లు దాటకూడదని మందు కాగితంలోనే ఉంటుంది. 155కి అందంకోసం నుదురు, కనుబొమ్మల మధ్య 40, కంటి చివర ముడతలకి 24, మొత్తం 64 కలిపినా 219 కదా, బోలెడు జాగా ఉంది అంటారు. ఒంటి మొత్తానికి అది నిజమే, కానీ నుదురు దిగిపోవడానికి 400 అక్కర్లేదు, పది యూనిట్లు తప్పుడు చోట పడితే చాలు. అదే పక్షవాతం తర్వాత చెయ్యి బిగుసుకుపోయిన వాళ్ళకి లెక్క ఇంకోలా ఉంటుంది, వాళ్ళకి భుజం నుంచి వేళ్ళదాకా ఒక్కసారే 400 వరకు వేసే సందర్భాలుంటాయి. అలాంటివాళ్ళకి కోటా ఆ రోజే నిండిపోయింది, ఆ మూడు నెలల్లో ముడతల మాట ఎత్తకూడదు. కాబట్టి మొత్తం ఎంత అనేది ఒక ప్రశ్న, ఏ కండరంలోకి అనేది ఇంకో ప్రశ్న, రెండూ అడగాలి, మనవాళ్ళు మొదటిదే అడిగి ఊరుకుంటారు.

మా అక్క నన్నడిగింది కూడా ఇదే. ఎలాగూ నుదుటి మీద పొడుస్తున్నారు కదే, పనిలో పనిగా ఆ గీతలు కూడా పోగొట్టమంటే సరిపోదా అని. తనకీ మైగ్రేనే, మా ఇంట్లో అమ్మ వైపునుంచి వచ్చింది. నేను చెప్పింది ఏంటంటే, గీతలు వాటంతటవే కొంత పోతాయి, ఎందుకంటే ఆ 35 యూనిట్లు అక్కడే పడుతున్నాయి, దాని మీద ఇంకా కావాలా వద్దా అనేది రెండు వారాలయ్యాక అద్దంలో చూసుకుంటే తెలుస్తుంది. కంటి చివర ముడతలు మాత్రం మైగ్రేన్ పద్ధతిలో పోవు, ఆ చోట్లు ఆ 31లో లేవు. వాటికి రెండు పక్కలా కలిపి 24 యూనిట్లు, 155కి కలిపితే 179, ఒకే డాక్టర్ చేతిలో అయినా, ఇద్దరు మాట్లాడుకుని అయినా, ఒకే రోజో అదే వారంలోనో చేయిస్తే సుఖం. చాలామంది డాక్టర్లు ఇలా కలిపి చేయడానికే మొగ్గు చూపుతారు, అలా అయితే తర్వాతి 12 వారాల గడువు రెండిటికీ ఒకేసారి మొదలై ఒకేసారి పూర్తవుతుంది. తేదీ ఎప్పుడూ జబ్బు వైద్యం నిర్ణయించాలి, ముడతలు దాని వెంట రావాలి. మనవాళ్ళేమో పెళ్ళి ముహూర్తాన్ని బట్టి ముడతల తేదీ పెట్టుకుని, దానికోసం మైగ్రేన్ ఇంజెక్షన్ వెనక్కో ముందుకో జరుపుతారు, అది నాకు అస్సలు నచ్చదు.

12 వారాలకి ముందు మళ్ళీ మళ్ళీ వేయించుకోవద్దనడానికి ఇంకో కారణం ఉంది, దీన్ని అందం క్లినిక్‌లలో ఎవరూ సరిగ్గా చెప్పరు. ఈ మందు ఒక ప్రోటీన్, ఒంటికి బయటిది, కొందరిలో దానిమీద యాంటీబాడీలు తయారై మందు పనిచేయడం మానేస్తుంది. ఇది చాలా తక్కువమందికి జరుగుతుంది, భయపెట్టడానికి చెప్పట్లేదు, 1997లో మందు తయారీ మార్చి 100 యూనిట్లలో ఉండే ప్రోటీన్‌ని 25 నానోగ్రాముల నుంచి 5కి దించాక ఇంకా తగ్గింది. కానీ పెద్ద డోసులు, తక్కువ గ్యాపులు, మధ్యలో చిన్న చిన్న టచప్‌లు దీనికి ఊతమిస్తాయని మాత్రం డాక్టర్లు ఒప్పుకుంటారు. ముడతలకి మాత్రమే వేయించుకునే మనిషికి మందు పనిచేయకపోతే ముడతలు తిరిగొస్తాయి, అంతే. మెడ తిరిగిపోయే జబ్బున్న అమ్మాయికి పనిచేయకపోతే ఉన్న ముఖ్యమైన దారి మూసుకుపోతుంది. అందుకని జబ్బుకోసం వాడేవాళ్ళు పండక్కి ఒక టచప్, ఫంక్షన్‌కి ఒక టచప్ అని పోకూడదంటాను, అది వాళ్ళు తమ మందుని తామే అరగదీసుకోవడం.

మిగిలిపోయిన మందు సంగతి కూడా చెప్పాలి. మావారి అక్క డాలస్‌లో ఉంటుంది, తనకీ మైగ్రేన్ ఇంజెక్షన్లే, అక్కడ ఇన్సూరెన్స్ మీద 200 యూనిట్ల వయల్, అంటే మందు సీసా, వస్తుంది, 155 వాడాక 45 మిగులుతుంది. ఆ 45 పారబోస్తుంటే కడుపు తరుక్కుపోతోంది, కంటి చివర వెయ్యమంటే నర్సు ఒప్పుకోలేదు అని వదిన ఫోన్‌లో బాధపడింది. నేనూ అర్థం చేసుకున్నాను ఆ బాధని, కానీ నర్సు చేసిందే కరెక్టు. జబ్బు పేరు మీద ఇన్సూరెన్స్ కట్టిన మందుతో అందం పని చేస్తే అక్కడ అది బిల్లింగ్ మోసం కిందకి వస్తుంది, డాక్టర్ లైసెన్సు మీదకి వస్తుంది. మన దగ్గర ఎక్కువమంది వయల్ చేతి డబ్బు పెట్టే కొనుక్కుంటారు కాబట్టి ఆ గొడవ లేదు, నా డబ్బుతో కొన్నది నాకే వెయ్యండి అనొచ్చు. అయినా మిగిలింది కాబట్టి ఎక్కడో ఒకచోట పొడవండి అనే ఆలోచన మంచిది కాదు, ఎక్కడ అవసరమో ముందే అనుకుని ఉండాలి. మిగిలింది దాచి వచ్చేనెల వేస్తాం అనే క్లినిక్ ఉంటే లేచి వచ్చేయండి. సెలైన్ కలిపాక ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య పెట్టి 24 గంటల్లో వాడెయ్యాలి.

మా అత్తయ్యది వేరే కథ, ఆవిడకి ఎడమ కన్ను అదరడంతో మొదలైంది. ఆడవాళ్ళకి ఎడమ కన్ను అదిరితే మంచిదంటారు కదా, మొదట్లో అందరూ శుభం అనుకున్నారు, అది నెమ్మదిగా బుగ్గలోకి, నోటి చివరకి దిగి ఎడమ పక్క మొహమంతా లాగేయడం మొదలయ్యాక గానీ డాక్టర్ దగ్గరకి తీసుకెళ్ళలేదు. హెమీఫేషియల్ స్పాజమ్. మెదడు దగ్గర మొహం నరం బయలుదేరే చోట ఒక రక్తనాళం దానికి ఒరుసుకోవడం వల్ల ఎక్కువగా వస్తుంది, ఎమ్మారై తీసి చూస్తారు, ఆపరేషన్ కూడా ఉంది, వద్దనుకునేవాళ్ళకి ఈ ఇంజెక్షన్లే. డోసు చాలా చిన్నది, కంటి చుట్టూ ఒక్కో చోట ఒకటి రెండు యూనిట్లతో మొదలుపెడతారు.

ఇంజెక్షన్ పడ్డాక అదరడం ఆగింది, కానీ ఆ పక్క మొహం కొంచెం చదునుగా, రెండో పక్క మామూలుగా, నవ్వితే తేడా తెలిసిపోతుంది. ఆవిడ ఫొటోల్లో కూర్చోవడం మానేసింది. ఇక్కడ నాకు కోపం వచ్చేది, ప్రాణం మీదకి రాలేదు కదా, ఈ వయసులో మొహం ఎలా ఉంటే ఏంటి అనేసేవాళ్ళ మీద. మంచి పక్కన నుదుటి మీద, కంటి చివర రెండు మూడు చుక్కలు వేస్తే రెండు పక్కలూ సరితూగుతాయి. దీన్ని వైద్యం అంటారా అందం అంటారా? ఆవిడ మళ్ళీ పేరంటాలకి వెళ్తోంది, నాకు అది చాలు. కానీ ఇది స్పాజమ్‌కి ఇంజెక్షన్ వేసే డాక్టరే చెయ్యాలి, ఎందుకంటే ఏ పక్క ఎంత పడిందో ఆయన చేతికే తెలుసు. తెలీని చోట కంటి చుట్టూ ఇంకొంత వేశారంటే కన్ను పూర్తిగా మూసుకోదు, రెప్ప కొట్టడం తగ్గి కన్ను పొడిబారుతుంది, నల్లగుడ్డు మీద పుండు పడే ప్రమాదం కూడా ఉంది. కనురెప్పలు బిగుసుకునే జబ్బుకి ఇంజెక్షన్లు తీసుకునేవాళ్ళు కంటి చివర ముడతల ప్యాకేజీకి అసలు పోవద్దనేది ఇందుకే.

అసలు వద్దని గట్టిగా చెప్పాల్సిన చోటు మెడ. మెడ తిరిగిపోయే జబ్బు, సర్వైకల్ డిస్టోనియా అంటారు, దానికి మెడ కండరాల్లోకి 200, 300 యూనిట్ల దాకా వెళ్తుంది, అందులో వచ్చే పెద్ద ఇబ్బంది మింగుడు పడకపోవడం. ఇప్పుడు మెడ ముందు పక్క తాళ్ళలా కనపడే గీతలకి కూడా ఇంజెక్షన్లు వచ్చాయి, ఎఫ్‌డీఏ 2024లో దానికీ అనుమతి ఇచ్చింది. జబ్బుకి మెడలో వేయించుకునే మనిషి అందానికి కూడా మెడలోనే వేయించుకుంటే గొంతు దగ్గర కండరాల మీద రెండు పక్కల నుంచీ దెబ్బ పడుతుంది. భుజాలు సన్నగా, మెడ పొడుగ్గా కనపడాలని భుజం కండరంలో వేయించుకునే ఫ్యాషన్ ఒకటి వచ్చింది, బార్బీ బొటాక్స్ అని రీల్స్‌లో చూపిస్తున్నారు. మైగ్రేన్ వాళ్ళకి ఆ కండరంలో 30 యూనిట్లు ఎలాగూ పడ్డాయి, ఇంకా వేస్తే తల నిలబెట్టడమే కష్టమవుతుంది. పళ్ళు కొరికే అలవాటుకీ, దవడ సన్నబడడానికీ వేసేది కూడా ఒకే కండరం, ఒకచోట వేయించుకున్నది ఇంకోచోట చెప్పకపోతే అన్నం నమలడానికి దవడ అలిసిపోతుంది.

పేర్ల గోల ఇంకోటి. బొటాక్స్ అని మనం అన్నిటినీ పిలుస్తాం గానీ అది ఒక కంపెనీ మందుకి పెట్టిన పేరు, డిస్పోర్ట్, జియోమిన్ లాంటివి వేరే ఉన్నాయి, యూనిట్లు ఒకదానికొకటి సమానం కావు. కనుబొమ్మల మధ్య బొటాక్స్ 20 వేస్తే డిస్పోర్ట్ 50 వేస్తారు. చీటీ మీద ఊరికే 50 యూనిట్లు అని రాసి పేరు రాయకపోతే ఆ అంకెకి విలువే లేదు, రెండో డాక్టర్‌కి అది చూపించి లాభం లేదు. అందుకే వేసేముందు వయల్ చూపించమని అడగండి, పేరు, బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ తేదీ కనపడేలా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మీ ముందే కలపమనండి, మంచి వయల్‌లో వాక్యూమ్ ఉంటుంది, సూది గుచ్చగానే సెలైన్‌ని లోపలికి లాక్కుంటుంది, లాగకపోతే ఆ వయల్ వాడకూడదు. అడిగితే చిరాకు పడే క్లినిక్‌లు ఉన్నాయి, నేను వెళ్ళిన ఒకచోట వయల్ లోపల రూమ్‌లో ఉంది మేడం అని సిరంజి ఒక్కటే పట్టుకొచ్చారు, నేను కుర్చీ దిగి వచ్చేశాను.

ఇది మరీ అనుమానం అనుకునేవాళ్ళకి రెండు సంగతులు. 2004లో ఫ్లోరిడాలో మనుషులకి వాడడానికి అనుమతే లేని ముడి బొటులినమ్ విషాన్ని ముడతలకని వేస్తే నలుగురు ఒళ్ళంతా చచ్చుబడి వెంటిలేటర్ మీదకి వెళ్ళారు, వేసిన డాక్టర్ కూడా ఆ నలుగురిలో ఉన్నాడు. 2024లో అమెరికాలో నకిలీ మందు వల్లా, అర్హత లేనివాళ్ళు, డాక్టర్ క్లినిక్ కాని చోట్ల వేయడం వల్లా 11 రాష్ట్రాల్లో 22 మందికి తేడా చేసింది, అందులో 11 మంది ఆసుపత్రిలో చేరారు. అంత గట్టి చట్టాలున్న చోటే అలా ఉంటే, ఇంటికొచ్చి వేస్తాం, నలుగురు స్నేహితురాళ్ళు కలిస్తే డిస్కౌంట్ అనే వాట్సాప్ మెసేజ్‌లని నమ్మి, అందులోనూ ఇప్పటికే ఒంట్లో 155 యూనిట్లున్న మనిషి కూర్చోవడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. పార్లర్‌లో హెయిర్ బొటాక్స్ అనేది మాత్రం వేరు, అది జుట్టుకి పట్టించే కండిషనర్ లాంటిది, అందులో ఈ మందు ఉండదు, అది ఈ యూనిట్ల లెక్కలోకి రాదు. ఫిల్లర్లు కూడా వేరే, అవి గుంటలు నింపే జెల్, వాటి ప్రమాదాలు వాటికున్నాయి.

మందులు కలవడం గురించి కూడా మనవాళ్ళకి తెలీదు. యూరిన్ ఇన్ఫెక్షన్‌కో ఇంకోదానికో మన ఊళ్ళలో అమికాసిన్, జెంటామైసిన్ ఇంజెక్షన్లు వేస్తుంటారు, అవి నరానికీ కండరానికీ మధ్య సంకేతాన్ని తగ్గిస్తాయి, దాంతో బొటాక్స్ ప్రభావం ఎక్కువైపోవచ్చు. మెడ పట్టేసిందని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే కండరాలు సడలించే మాత్రలతోనూ జాగ్రత్తే. కండరాలు త్వరగా అలిసి బలహీనపడే మయస్థీనియా జబ్బు ఉన్నవాళ్ళు, సాయంత్రానికి రెప్పలు వాలిపోయేవాళ్ళు, రెండుగా కనపడేవాళ్ళు ముందు ఆ సంగతి తేల్చుకోకుండా ముడతలకి కూర్చోనే కూడదు. గర్భం, పాలివ్వడం సంగతి చెప్పాలి, రక్తం పలచబడే మాత్రలుంటే చెప్పాలి.

ఇక స్కిన్ క్లినిక్‌లలో ఇంకో మాట వింటుంటాను, నుదుటికి బొటాక్స్ వేయించుకుంటే మైగ్రేన్ కూడా తగ్గుతుంది మేడం అని. ఇది సగం మాట. ఆ పద్ధతిలో తల వెనక, మెడ, భుజం, కణతలు అన్నీ ఉన్నాయి, నుదుటి మీద అయిదు చుక్కలు ఆ వైద్యం కాదు. పెద్ద పరీక్షల్లో కూడా మొత్తం 155 నుంచి 195 దాకా వేస్తే 24 వారాలకి తలనొప్పి రోజులు నెలకి సగటున 8.4 తగ్గాయి, ఉత్త నీళ్ళ ఇంజెక్షన్ వేసినవాళ్ళకి 6.6 తగ్గాయి. అంటే లాభం ఉంది గానీ అదేదో మాయ కాదు. నాకు పనిచేసింది, అక్కకి కొంతే పనిచేసింది. నుదుటి ప్యాకేజీ అమ్ముకోడానికి మైగ్రేన్ పేరు వాడుకోవడం చూస్తే మాత్రం, నెలలో సగం రోజులు చీకటి గదిలో పడుకున్న మనిషిగా నాకు మండుతుంది.

డాక్టర్లని నేను అడిగేది పెద్దదేమీ కాదు. న్యూరాలజిస్ట్ గారు, బీపీ ఉందా షుగర్ ఉందా అని అడిగినంత మామూలుగా, మొహానికి ఏమన్నా ఇంజెక్షన్లు చేయించుకున్నారా, చేయించుకోవాలనుకుంటున్నారా అని అడగాలి. అలా అడిగితే చెప్పని ఆడమనిషి ఉండదు. స్కిన్ డాక్టర్ గారు ఫారంలో టిక్కులు పెట్టించుకుని ఊరుకోకుండా, తలనొప్పికి, మెడకి, కంటికి, యూరిన్ ఆగకపోవడానికి, చంకల్లో చెమటకి ఎక్కడన్నా ఈ మందు తీసుకున్నారా అని ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగాలి, ఎందుకంటే బ్లాడర్‌కి వేసింది కూడా బొటాక్సే అని చాలామంది పెద్దవాళ్ళకి తెలీదు, దానికే 100 యూనిట్లు, కొన్ని జబ్బుల్లో 200 కూడా వేస్తారు. పేషెంటు తరఫున పని ఒక్కటే, ఒకే కాగితం. తేదీ, మందు పేరు, బ్యాచ్, ఎక్కడెక్కడ ఎన్ని యూనిట్లు, ఎవరు వేశారు. మొహం బొమ్మ గీసి చుక్కలు పెట్టి ఇచ్చే డాక్టర్లు ఉంటారు, మీ డాక్టర్ ఇవ్వకపోతే అడగండి. ఆ కాగితం ఇద్దరికీ చూపించండి, ఇంట్లో వాళ్ళకి చూపించక్కర్లేదు, అది మీ ఇష్టం.

ఇంటికొచ్చాక చూసుకోవాల్సినవి కూడా చెప్పేస్తాను. సూది పడ్డ చోట నొప్పి, కొంచెం వాపు, ఒకరోజు తలనొప్పి మామూలే. మింగడం కష్టమవడం, గొంతు మారిపోవడం, మాట ముద్దగా రావడం, రెండుగా కనపడడం, తల నిలబడకపోవడం, ఒళ్ళంతా నీరసంగా సోలిపోవడం, ఊపిరి ఆడకపోవడం, వీటిలో ఏది వచ్చినా ఆగకూడదు. మందు వేసిన చోటు నుంచి దూరంగా పాకితే ఇలా అవుతుంది, దీనిమీద 2009లోనే ఎఫ్‌డీఏ ప్యాకెట్ మీద నల్లగడిలో హెచ్చరిక వేయించింది, వేసిన కొన్ని గంటల నుంచి కొన్ని వారాల దాకా ఎప్పుడైనా రావచ్చు. అప్పుడు స్కిన్ క్లినిక్ రిసెప్షన్‌కి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ అడుగుతూ కూర్చోకండి, వెంటిలేటర్ సౌకర్యం ఉన్న పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళి, అక్కడ కూర్చున్న కుర్ర డాక్టర్‌కి ముందు చెప్పాల్సిన మాట, నాకు ఫలానా తేదీన ఫలానా మందు ఇన్ని యూనిట్లు జబ్బుకి పడింది, ఇన్ని అందానికి పడింది అని, రెండూ చెప్పండి, అది తెలిస్తేనే వాళ్ళు బొటులిజం, అంటే ఈ విషం ఒంటికెక్కడం, దిక్కుగా ఆలోచిస్తారు, లేకపోతే స్ట్రోక్ అనో గ్యాస్ అనో వెతుకుతూ గంటలు పోతాయి.